ఓడ ఎంతసేపు ఆగింది? : నెట్‌వర్క్ స్టోరేజీ పనితీరును కొలవడం గురించి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగారు. కవిత రాయడం నాకు చేతకాదు. హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామంటే వాటిని నాకంటే బాగా రాసే అన్నలు చాలామంది ఉన్నారు. అందుకని నేను చదువుకున్న చదువులోంచే, మనలో ఎక్కువమందికి పనికొస్తుందనిపించిన ఒక విషయాన్ని ఎంచుకున్నాను.

"సర్వర్ స్లోగా ఉంది" అనే మాట మనమందరం విన్నదే. స్కాలర్‌షిప్ దరఖాస్తుకు గడువు ముగిసే రోజున విన్నాం, హాల్ టికెట్ తీసుకోవడానికి నెట్ సెంటర్‌కు వెళ్ళి విన్నాం, బ్యాంకులో పాస్ పుస్తకం పట్టుకుని నిలబడి విన్నాం. విన్నాక "సరేనండీ" అని తిరిగి వచ్చేయడమే తప్ప ఎంత స్లో, ఎక్కడ స్లో, ఎప్పటినుంచి స్లో అని అడిగే అలవాటు మనకు లేదు. అడిగినా చెప్పగలిగినవాళ్ళు తక్కువే. ఈ మూడు ప్రశ్నలకు అంకెలతో జవాబు చెప్పడం ఎలాగో వివరించడానికి ఈ వ్యాసంలో ప్రయత్నిస్తాను. సర్వర్లన్నిటి గురించీ కాదు. ఫైళ్ళను ఒకచోట దాచి, నెట్‌వర్క్ ద్వారా అనేక కంప్యూటర్లకు అందించే స్టోరేజీ వరకే నా మాట పరిమితం.

ముందుగా, నెట్‌వర్క్ స్టోరేజీ అంటే ఏమిటో రెండు మాటలు. మామూలుగా మన ఫైళ్ళు మన కంప్యూటర్‌లోని డిస్క్‌లోనే ఉంటాయి. కాలేజీ ల్యాబ్‌లో అలా కుదరదు. ఈరోజు ఒక సిస్టం దొరుకుతుంది, రేపు ఇంకొకటి. ఎక్కడ కూర్చున్నా మన ఫైళ్ళు కనబడాలంటే అవి వేరే గదిలోని ఒక పెద్ద సర్వర్‌లో ఉండాలి. మనం ఫైలు తెరవమని అడిగిన ప్రతిసారీ ఆ కోరిక తీగ మీదుగా సర్వర్‌కు వెళ్ళి, అక్కడి డిస్క్ చదివి, జవాబు తిరిగి రావాలి. ఈ పనికి ఇప్పటికీ ఎక్కువగా వాడుతున్న పద్ధతుల్లో ఒకటి ఎన్‌ఎఫ్‌ఎస్. దాన్ని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1984లో తయారుచేసింది. ఆ కంపెనీ ఇప్పుడు లేదు, దాని ఎన్‌ఎఫ్‌ఎస్ మాత్రం ఉంది.

పోర్టు లెక్కలు

ఇక అసలు విషయానికి వద్దాం. స్టోరేజీ లెక్కలు నాకు పుస్తకంలో చదివినప్పుడు సరిగా ఎక్కలేదు. మన విశాఖ పోర్టు లెక్కలతో పోల్చుకున్నాకే అర్థమయ్యాయి. అందుకే మీకూ అదే దారిలో చెబుతాను.

విశాఖపట్నం పోర్టు 1933లో మొదలైంది. బైలదిలా ఇనుప ఖనిజాన్ని పెద్ద ఓడల్లోకి ఎక్కించేందుకు వీలుగా 1976లో ఔటర్ హార్బర్ వచ్చింది. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ఈ పోర్టు నుంచి కదిలిన సరుకు 8 కోట్ల టన్నులకు పైమాటే. 8 కోట్ల టన్నులనే తీసుకుని 365తో భాగించండి. రోజుకు దాదాపు 2 లక్షల 19 వేల టన్నులు. సెకన్లలోకి మార్చితే సెకనుకు రెండున్నర టన్నులు. మీరు ఈ వాక్యం చదివేలోపు ఒక లారీ నిండే సరుకు అటో ఇటో దాటిపోయిందన్నమాట.

నిర్ణీత కాలంలో ఎంత సరుకు కదిలిందో చెప్పే ఈ అంకెనే థ్రూపుట్ అంటారు. స్టోరేజీలో టన్నులకు బదులు మెగాబైట్లు. "మా స్టోరేజీ సెకనుకు 500 ఎంబీ ఇస్తుంది" అని అమ్మేవాడు చెప్పేది ఈ అంకెనే. ఇది గొప్పగా కనబడుతుంది, కరపత్రం మీద పెద్ద అక్షరాల్లో వేసుకోవడానికి బాగుంటుంది.

కానీ బొగ్గు తెప్పించుకున్న కంపెనీకి ఈ సెకనుకు రెండున్నర టన్నులతో పని లేదు. దాని ప్రశ్న ఒక్కటే, నా ఓడ ఎప్పుడు ఖాళీ అవుతుంది? సాయంత్రం వేళ ఆర్.కె. బీచ్‌లో నిలబడి చూస్తే సముద్రంలో దూరంగా లైట్లు వెలుగుతూ కనిపిస్తాయి కదా, అవి చాలావరకు లంగరు వేసుకుని తమ వంతు కోసం చూస్తున్న ఓడలు. ఒప్పుకున్న గడువు దాటి ఆగితే ఓడ యజమానికి డెమరేజి కట్టుకోవాలి. పోర్టు ఆ ఏడాది రికార్డు స్థాయిలో సరుకు దించి ఉండవచ్చు, అయినా ఆ ఒక్క ఓడ వారం రోజులు బయటే ఆగిపోయి ఉండవచ్చు. రెండూ ఏకకాలంలో నిజం కావచ్చు.

ఈ సంగతి పోర్టువాళ్ళకు బాగా తెలుసు. అందుకే మన దేశంలోని పెద్ద పోర్టులు టన్నుల లెక్క ఒక్కటే చెప్పి ఊరుకోవు. బెర్తు దొరికేదాకా ఓడ ఎంతసేపు ఆగిందన్నది ఒక లెక్క, దాన్ని ప్రీ బెర్తింగ్ డిటెన్షన్ అంటారు. పోర్టుకు వచ్చినప్పటినుంచి వెళ్ళిపోయేదాకా మొత్తం ఎంత సమయం పట్టిందన్నది ఇంకొకటి, టర్న్ అరౌండ్ టైం. బెర్తులు ఎంత శాతం కాలం నిండి ఉన్నాయన్నది బెర్త్ ఆక్యుపెన్సీ. బెర్తులో ఉన్న ఓడ నుంచి రోజుకు సగటున ఎన్ని టన్నులు కదిలాయన్నది మరొక లెక్క. బెర్తులోకి వచ్చి కూడా పని జరగకుండా ఊరికే ఉన్న సమయాన్ని కూడా విడిగా రాస్తారు.

ఈ చివరిది నాకు మొదట అర్థం కాలేదు. బెర్తులోకి వచ్చాక ఓడ ఊరికే ఎందుకుంటుంది? మా నాన్న పోర్టులో కళాసీ. చదువు లేదు. అడిగితే నవ్వి, "లారీలు రాకపోతే కిరేను ఏటి సేస్తాదిరా, గాలి మోస్తాదా?" అన్నాడు. మా డిపార్ట్‌మెంట్‌లో బాటిల్‌నెక్ గురించి ఒక పూర్తి క్లాసు చెప్పారు. నాన్న మాటలో అంతకంటే తక్కువేమీ లేదు.

ఇప్పుడు ఓడ స్థానంలో మన కోరికను పెట్టండి. "ఈ ఫైలులో ఈ ముక్క ఇవ్వు" అని మన కంప్యూటర్ పంపే ప్రతి కోరికా ఒక ఓడ. డిస్క్ ఒక బెర్తు. డిస్క్ ఖాళీ లేకపోతే కోరిక క్యూలో ఆగుతుంది, అదే లంగరు. కోరిక పంపినప్పటినుంచి జవాబు వచ్చేదాకా పట్టిన మొత్తం సమయాన్ని లేటెన్సీ అంటారు, అదే టర్న్ అరౌండ్ టైం. సెకనుకు ఎన్ని కోరికలు తీరాయన్నది ఐఓపీఎస్. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి తెలిసేది లేటెన్సీ ఒక్కటే. థ్రూపుట్ అతనికి కనబడదు.

ఒకే డిస్క్, రెండు వేగాలు

ఇక్కడ మనవాళ్ళు చాలామంది తికమకపడే చోటు ఒకటి ఉంది. ఒకే డిస్క్ ఒకసారి సెకనుకు 150 ఎంబీ ఇస్తుంది, మరోసారి అర ఎంబీ కూడా ఇవ్వదు. డిస్క్ పాడైపోలేదు. లెక్క వేసి చూద్దాం.

తిరిగే హార్డ్ డిస్క్‌లలో సాధారణమైన రకం నిమిషానికి 7200 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీ సెకన్లు (మిల్లీ సెకను అంటే సెకనులో వెయ్యో వంతు). మనకు కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే దాదాపు 4 మిల్లీ సెకన్లు పడుతుంది. అంతకుముందు సూది ఆ వరుస మీదికి జరగడానికి మరో 8, 9 మిల్లీ సెకన్లు. మొత్తం పన్నెండు, పదమూడు. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను సెకనుకు 80కి మించి చదవలేదు. ఒక్కో ముక్క 4 కేబీ అయితే 80 ముక్కలకు 320 కేబీ. అదే ఒక పెద్ద సినిమా ఫైలును వరుసగా చదివితే సూది పెద్దగా కదలనవసరం లేదు, అదే డిస్క్ సెకనుకు 150 ఎంబీ దాకా ఇస్తుంది. తేడా నాలుగు వందల రెట్లకు పైనే.

కాబట్టి "థ్రూపుట్ తక్కువగా ఉంది, కనుక డిస్క్ ఖాళీగా ఉంది" అనుకోవడం సరికాదు. సెకనుకు 320 కేబీ దగ్గర ఆ డిస్క్ ఊపిరాడక కొట్టుకుంటూ ఉండవచ్చు. పెద్ద బొగ్గు ఓడ ఒకటి దించడానికీ, చిన్న చిన్న పడవలు ఎనభై దించడానికీ ఉన్న తేడా ఇదే. ప్రతి పడవనూ ఒడ్డుకు చేర్చి తాడు కట్టడానికే సమయం పోతుంది. సాలిడ్ స్టేట్ డిస్క్‌లలో సూది లేదు కనుక ఈ బాధ చాలావరకు తగ్గింది. కానీ కాలేజీల్లో, ఆఫీసుల్లో తిరిగే డిస్క్‌లు ఇంకా బోలెడున్నాయి.

తీగ విషయంలో ఇంకో పొరపాటు జరుగుతుంటుంది. నెట్‌వర్క్‌ను బిట్లలో చెబుతారు, ఫైళ్ళను బైట్లలో చెబుతారు. 8 బిట్లు ఒక బైటు. ఒక గిగాబిట్ తీగ అంటే సెకనుకు 125 మెగాబైట్లే. చిరునామాలు, హెడర్లు పోగా 110 నుంచి 118 దాకా చేతికొస్తుంది. "గిగాబిట్ తీగ వేశాం, వంద ఎంబీయే వస్తోంది, మోసం" అని గొడవపడ్డవాళ్ళను నేను చూశాను. మోసమేమీ లేదు, అది ఆరోగ్యంగానే ఉంది.

నిండే కొద్దీ ఏమవుతుంది

మన మెస్‌లో గంట కొట్టగానే ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఒక్కో పళ్ళెం వడ్డించడానికి అర నిమిషం అనుకుందాం. ఎనభై మంది ఒకేసారి వచ్చి నిలబడితే చివరివాడికి నలభై నిమిషాలు. వడ్డించే అక్క చేతి వేగం ఏమాత్రం మారలేదు. అదే ఎనభై మందీ గంటన్నరలో విడివిడిగా వస్తే దాదాపు ఎవరూ ఆగరు. చేసిన పని ఒకటే, వడ్డించిన అన్నం ఒకటే, ఆగిన సమయం మాత్రం వేరు.

కోరికలు ఒక క్రమం లేకుండా వస్తూ, వాటిని తీర్చేది ఒక్కటే ఉన్నప్పుడు ఎంత ఆలస్యమవుతుందో చెప్పడానికి సులభమైన సూత్రం ఉంది. ఒక కోరిక తీర్చడానికి పట్టే సమయాన్ని, ఖాళీగా ఉన్న భాగంతో భాగించాలి. డిస్క్‌కు ఒక కోరికకు 10 మిల్లీ సెకన్లు పడుతుందనుకుందాం. డిస్క్ సగం కాలం పనిలో ఉంటే 10ని 0.5తో భాగించాలి, 20 మిల్లీ సెకన్లు. 80 శాతం నిండితే 50. 90 శాతానికి 100. 95 శాతానికి 200. చూశారా, సగం నుంచి 80 దాకా ముప్పై శాతం పెరిగితే ఆలస్యం రెండున్నర రెట్లయింది. 90 నుంచి 95కు అయిదే శాతం పెరిగితే రెండు రెట్లయింది. నిన్నటిదాకా బాగానే ఉన్న సర్వర్ పది మంది కొత్తగా చేరగానే కూలబడిపోవడం వెనక సాధారణంగా ఉండే కారణం ఇదే. పోర్టువాళ్ళు బెర్తులను నూరు శాతం నింపాలని ఎందుకు చూడరో కూడా దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇంకొక సూత్రం నాకు మరీ ఇష్టం. జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు 1961లో నిరూపించాడు. లోపల ఉన్నవాటి సంఖ్య, అవి వచ్చే వేగాన్ని ఒక్కోటి ఉండే సమయంతో గుణిస్తే వస్తుంది. రోజుకు సగటున 6 ఓడలు వచ్చి, ఒక్కొక్కటి 3 రోజులు ఉంటే పోర్టులో సగటున 18 ఓడలుంటాయి. ఇంతే. సెకనుకు 400 కోరికలు వస్తూ ఒక్కోటి 20 మిల్లీ సెకన్లు పడితే లోపల 8 కోరికలుంటాయి. అదే 400కు లోపల 64 కనబడితే ఒక్కోటి 160 మిల్లీ సెకన్లు ఆగుతోందని కాగితం మీదే చెప్పవచ్చు. మీటర్లు చూపే మూడు అంకెల్లో ఏదో ఒకటి తప్పు చూపిస్తే కూడా ఈ గుణకారంతో పట్టుకోవచ్చు.

లినక్స్‌లో ఐఓస్టాట్ అనే చిన్న ప్రోగ్రాం ఈ లెక్కలన్నీ ఒకే వరుసలో చూపిస్తుంది. సెకనుకు చదివే కోరికలు, రాసే కోరికలు, కేబీలు, 'అవెయిట్' అనే పేరుతో మిల్లీ సెకన్లలో ఆలస్యం, క్యూ పొడవు, చివరన 'యుటిల్' శాతం. కొత్తవాళ్ళ కళ్ళు నేరుగా ఈ చివరి అంకె మీదికే పోతాయి. దాని అర్థం జాగ్రత్తగా తెలుసుకోవాలి. డిస్క్ దగ్గర కనీసం ఒక్క కోరికైనా ఉన్న కాలం ఎంత శాతమో అది చెబుతుంది, అంతవరకే. ఒకే డిస్క్ అయితే సరే. కానీ పెద్ద స్టోరేజీలో పది, ఇరవై డిస్క్‌లు కలిసి పనిచేస్తాయి. సాలిడ్ స్టేట్ డిస్క్ కూడా ఒకేసారి చాలా కోరికలు తీర్చగలదు. అక్కడ నూరు శాతం కనబడినా భయపడనక్కరలేదు. పోర్టులో ఎప్పుడూ కనీసం ఒక ఓడ ఉంటుంది, అంతమాత్రాన బెర్తులన్నీ నిండినట్టు కాదు కదా. అవెయిట్ చూడాలి, క్యూ చూడాలి.

ఒక ల్యాబ్‌లో జరిగినది

నేను చూసిన ఒక పీజీ ల్యాబ్ సంగతి చెబుతాను. కాలేజీ పేరు అనవసరం. ఇలాంటివి చాలాచోట్ల ఉంటాయి. ప్రాజెక్టులు సమర్పించే నెలలో, మధ్యాహ్నం భోజనమయ్యాక ల్యాబ్‌లో కూర్చుంటే ఫైలు తెరవడానికి నిమిషాలు పట్టేది. సేవ్ కొడితే తెర బిగుసుకుపోయేది. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళకు ఈ బాధ తెలియలేదు, వాళ్ళ ఫైళ్ళు వాళ్ళ దగ్గరే ఉంటాయి. హాస్టళ్ళ నుంచి వచ్చిన మాలాంటివాళ్ళకు ఆ ల్యాబే దిక్కు, అదీ సాయంత్రం 6 దాకానే. మధ్యాహ్నం పోతే ఆరోజు పోయినట్టే. ఫిర్యాదు చేస్తే "నెట్‌వర్క్ పాతది, కేబుళ్ళన్నీ మార్చాలి" అన్నారు. కొటేషన్ కూడా తెప్పించారు. అది మంజూరై వచ్చేసరికి మా కోర్సు అయిపోతుంది.

ల్యాబ్ అసిస్టెంట్ గారు మంచి మనిషి. ఆయన అనుమతితో మేము ముగ్గురం రెండు వారాలపాటు నిమిషానికోసారి అంకెలు ఫైలులోకి రాసేలా పెట్టాం. మా సిస్టంల వైపు ఎన్‌ఎఫ్‌ఎస్ ఐఓస్టాట్, సర్వర్ వైపు ఐఓస్టాట్, తీగ వైపు స్విచ్‌లోని లెక్కలు.

ఎన్‌ఎఫ్‌ఎస్ ఐఓస్టాట్ రెండు సమయాలు చూపుతుంది. ఒకటి, కోరిక మన కంప్యూటర్ గడప దాటినప్పటినుంచి జవాబు తిరిగి వచ్చేదాకా. రెండోది, మన ప్రోగ్రాం అడిగినప్పటినుంచి పని పూర్తయ్యేదాకా, అంటే గడప లోపల ఆగిన సమయం కూడా కలుపుకొని. రెండోది మొదటిదానికంటే చాలా ఎక్కువైతే ఆలస్యం మన కంప్యూటర్‌లోనే ఉన్నట్టు. రెండూ దగ్గరదగ్గరగా ఉండి రెండూ ఎక్కువైతే ఆలస్యం బయట, అంటే తీగలోనో సర్వర్‌లోనో ఉన్నట్టు. మాకు రెండోదే కనబడింది.

తీగా, సర్వరా? స్విచ్ లెక్కల్లో తీగ చాలావరకు ఖాళీగా ఉంది. దారిలో పోయిన కోరికలను మళ్ళీ పంపిన సంఖ్య కూడా లేదు. తీగ మంచిదే. సర్వర్ డిస్క్ చూస్తే ఉదయమంతా అవెయిట్ మామూలుగా ఉండి, ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా గోడలా లేచి నిలబడుతోంది. ఆ సమయంలో కదిలిన మెగాబైట్లు మాత్రం చాలా తక్కువ. చదివే కోరికలు విపరీతం, ఒక్కోటీ చిన్నది. పైన చెప్పిన ఎనభై పడవల కథ.

ఎవరు పంపుతున్నారా అని వెతికితే బ్యాకప్ ప్రోగ్రాం బయటపడింది. కరెంటు ఆదా కోసం రాత్రిపూట ల్యాబంతా, సర్వర్‌తో సహా, ఆపేస్తారు. అందుకని ఎప్పుడో ఎవరో, భోజన సమయంలో ఎవరూ ఉండరు కదా అని, బ్యాకప్‌ను ఒంటిగంటన్నరకు పెట్టారు. మొదట్లో అది పావుగంటలో అయిపోయి ఉంటుంది. ఏళ్ళ తరబడి విద్యార్థుల చిన్న చిన్న ఫైళ్ళు పేరుకుపోయాయి. ఏ ఫైలు మారిందో తెలుసుకోవడానికి ఆ ప్రోగ్రాం ప్రతి ఫైలునూ తట్టి చూస్తుంది. ఫైలులోని విషయం చదవకపోయినా తేదీ, సైజు అడగడం కూడా డిస్క్‌కు ఒక కోరికే. మెగాబైట్ల లెక్కలో అది కనబడదు.

గ్రాఫు ప్రింటు తీసి హెడ్ గారి ముందు పెడితే అయిదు నిమిషాల్లో ఒప్పుకున్నారు. బ్యాకప్‌ను ల్యాబ్ మూసే సమయానికి మార్చి, అది పూర్తయ్యాకే సర్వర్ ఆపేలా ఏర్పాటు చేశారు. కేబుళ్ళ ఖర్చు తప్పింది. అంతకుముందు నెలరోజులు నోటితో చెప్పినప్పుడు "మీరే గేములు ఆడుతుంటారు" అన్నవాళ్ళు కూడా కాగితం చూశాక ఏమీ అనలేదు. పలుకుబడి లేనివాడి మాటకు అంకె తోడైతే ఎంత తేడా వస్తుందో అక్కడ చూశాను.

సగటు చేసే మాయ

ఆ ల్యాబ్‌లో రోజు మొత్తం సగటు తీసి ఉంటే ఏమీ దొరికేది కాదు. ఇరవై నాలుగు గంటల్లో గంటన్నర గోడ కరిగిపోతుంది. పనితీరు గ్రాఫులు గీసే పాత సాధనాల్లో పేరున్నది ఎంఆర్‌టీజీ. టోబియాస్ ఓటికర్ 1995లో రాశాడు. 1999లో ఆయనే ఆర్‌ఆర్‌డీటూల్ తెచ్చాడు. ఎంఆర్‌టీజీ 5 నిమిషాల సగటులు తీసుకుంటుంది. చోటు కలిసిరావడానికి పాతబడిన లెక్కలను అరగంట, రెండు గంటలు, రోజు చొప్పున పెద్ద సగటుల్లో కలిపేస్తుంది. మంచి ఏర్పాటే. కానీ "పోయిన నెల గ్రాఫు చూడండి, ఏ ఇబ్బందీ లేదు" అని ఎవరైనా చూపిస్తే, ఆ గ్రాఫులో ఒక్కో చుక్క ఎంతకాలపు సగటో అడగండి.

ఇంకో లెక్క. వంద కోరికల్లో 99 ఒక్కోటి 5 మిల్లీ సెకన్లలో తీరాయి, ఒకటి 2 సెకన్లు పట్టింది. సగటు 25 మిల్లీ సెకన్లు. ఆ 25 ఎవరి అనుభవమూ కాదు. 99 మందికి అంతకంటే చాలా బాగుంది, ఒకడికి నరకం. ఒక ఫైలు తెరవడానికి వందల కోరికలు అవసరం కాబట్టి ఆ ఒక్కడు ప్రతిసారీ మనమే అవుతాం. అందుకే అనుభవజ్ఞులు సగటుతోపాటు నూటికి 95వ, 99వ కోరిక ఎంతలో తీరిందో కూడా చూస్తారు.

కొలిచేటప్పుడు మోసం చేసేది మరొకటి ఉంది, క్యాష్. దీనికి మన ఉక్కు ఫ్యాక్టరీ యార్డు మంచి ఉదాహరణ. 1990లో మొదలైన గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్ కానీ, తర్వాత వచ్చిన కృష్ణా, అన్నపూర్ణా కానీ, రోజూ వెలిగించి ఆర్పే పొయ్యిలు కావు. ఓడ ఒకరోజు ఆలస్యమైనా ఆగకూడదు కాబట్టి మధ్యలో ముడిసరుకు నిల్వ ఉంచుతారు. నిల్వ ఉన్నంతసేపు బయటి ఆలస్యం ఫర్నేసుకు తెలియదు. అయిపోయాకే తెలుస్తుంది. 2024 ఏప్రిల్‌లో గంగవరం పోర్టులో కార్మికుల ఆందోళన వల్ల బొగ్గు కదలనప్పుడు, కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ ఉత్పత్తి తగ్గించుకోవలసి వచ్చింది. బొగ్గు పోర్టులో ఉంది, ఫర్నేసులో లేదు.

స్టోరేజీలో ఆ యార్డు పాత్ర మెమరీది. 16 జీబీ మెమరీ ఉన్న సర్వర్ మీద 2 జీబీ ఫైలుతో పరీక్ష చేస్తే మీరు కొలిచింది డిస్క్‌ను కాదు, మెమరీని. రెండోసారి చదివినప్పుడు మరీ అద్భుతమైన వేగం వస్తుంది. పెద్ద ఫైలు కాపీ చేసేటప్పుడు మొదట్లో వేగంగా పరుగెత్తి, కాసేపటికి చతికిలబడటం మీరు చూసే ఉంటారు. యార్డు నిండిపోయింది, ఇక కన్వేయరు ఎంత వేగంగా ఖాళీ చేస్తే అంతే. అందుకని పరీక్షకు మెమరీ కంటే పెద్ద ఫైలు తీసుకోవాలి, ఆ తర్వాతి వేగాన్నే రాసుకోవాలి.

తమ్ముళ్ళకు ఒక మాట

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖలో అయిదేళ్ళలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్, భారీ డేటా సెంటర్ పెడతామని ప్రకటించింది. అందరికీ ఉద్యోగాలొస్తాయని మన హాస్టళ్ళలో కూడా చాలా చర్చ జరిగింది. నా అభిప్రాయంలో అంత ఆశ పెట్టుకోవడం మంచిది కాదు. కట్టేటప్పుడు వేలమంది కావాలి కానీ, కట్టాక డేటా సెంటర్‌ను నడపడానికి ఉక్కు ఫ్యాక్టరీకి కావలసినంతమంది అక్కరలేదు. ఉండే కొద్ది ఉద్యోగాల్లో మాత్రం ఇలా అంకెలు చూసి రోగం చెప్పే పని ఒకటి తప్పకుండా ఉంటుంది. దానికి ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడటం కంటే, అవెయిట్ పెరిగి మెగాబైట్లు పెరగకపోతే దాని అర్థమేమిటో చెప్పగలగడం ముఖ్యం.

మొదలుపెట్టడానికి ఖర్చేమీ లేదు. పాత కంప్యూటర్ మీద లినక్స్ వేసుకుని సిస్‌స్టాట్ అనే ప్యాకేజీ పెట్టుకుంటే ఐఓస్టాట్, సార్ రెండూ వస్తాయి. సార్ పదేసి నిమిషాలకోసారి తనంతట తానే లెక్కలు రాసిపెడుతుంది. ఉబుంటులో మాత్రం ఆ రాసే పని మొదట ఆపి ఉంటుంది, సిస్‌స్టాట్ సెట్టింగు ఫైలులో 'ఎనేబుల్డ్' అన్నచోట 'ట్రూ' అని మార్చాలి. సిస్టం బాగున్న రోజుల్లోనే ఈ లెక్కలు మొదలుపెట్టండి. బాగున్నప్పుడు అవెయిట్ ఎంతో తెలియకపోతే, బాగులేనప్పుడు వచ్చిన అంకె ఎక్కువో తక్కువో ఎలా చెబుతాం? ఫలానా రోజు ఏం మార్చారో, ఎవరు కొత్తగా చేరారో కూడా పక్కన ఒక నోటు పుస్తకంలో తేదీతో రాసుకోండి. మాకు బ్యాకప్ సంగతి ముందే రాసి ఉంటే రెండు వారాలు పట్టేది కాదు.

వార్డెన్ గారు ఒప్పుకుంటే హాస్టల్ కంప్యూటర్ గదిలో మూలన పడి ఉన్న పాత సిస్టంలు రెండు తీసి, ఒకదాన్ని సర్వర్‌గా, ఇంకోదాన్ని క్లయింట్‌గా కలిపి చూపిస్తాను. రెండో శనివారాలు నాకు సెలవే. స్విచ్ నా దగ్గర ఒకటి ఉంది, కేబుల్ మాత్రం మీరు చూసుకోవాలి.